లొంగని వాకిలి

ఎమ్మెల్యే జయరామయ్య గారు కత్తెర పట్టుకుని రిబ్బన్ మీదికి వంగారు.

"ఒక్క నిమిషం సార్!" జ్ఞానప్రకాశం అడ్డం పడ్డాడు. "చరిత్ర వినకుండా ఈ వాకిలి దాటకూడదు సార్."

"తొందరగా చెప్పవయ్యా. కృష్ణపట్నంలో మీటింగుంది నాకు."

పాతకాలపు పట్నమంతా ఏనాడో ఇసకలో కలిసిపోయింది. మిగిలింది సముద్రం వైపు చూసే ఈ కోటవాకిలి ఒక్కటే. దాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. పైగదుల్లో ఫిరంగి గుళ్ళు, లంగర్లు సర్దింది జ్ఞానప్రకాశమే. అతని తాత్కాలిక ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే జయరామయ్య గారి దయే దిక్కు.

అతను మొదలుపెట్టాడు. ఓడలు దిగిన వర్తకులు, సుంకం ఎగ్గొట్టడానికి ముత్యాలు బుగ్గన దాచుకుని మూగవాడిలా నటించినవాడు... జనం నవ్వారు. జయరామయ్య గారు గడియారం చూసుకున్నారు.

టికెట్లిచ్చే క్యాథరిన్ గోడ చాటునుంచి తొంగిచూసి తల అడ్డంగా ఊపింది.

జ్ఞానప్రకాశం నుదురు తుడుచుకుని కథలోకి శత్రుసైన్యాన్ని దించాడు. గుడారాలు వేయించాడు. "మన చేపల పులుసు రుచి మరిగి కొన్నాళ్ళు యుద్ధమే మరిచిపోయినారు సార్!"

క్యాథరిన్ మళ్ళీ అడ్డంగా ఊపింది. అతను ఏనుగుల్ని రప్పించాడు.

అప్పుడే వాకిలి వెనకనుంచి ధన్ ధన్‌మని మోతలు.

"ఏందయ్యా అది?"

"ముట్టడి సార్! ఆనాడు ఏనుగులు ఇట్లే గుద్దినాయి. వినండి!"

జయరామయ్య గారు కత్తెర దించి, నోరు తెరిచి విన్నారు. "అబ్బ! సౌండు కూడా పెట్టించినావా?"

"అయినా తలుపు కదల్లేదు సార్! ఏ శత్రువూ లోపల అడుగుపెట్టలేదు! అప్పుడు రాజుగారు..."

మోత ఆగింది. క్యాథరిన్ బొటనవేలు పైకెత్తింది.

జ్ఞానప్రకాశం రాజుగారిని అక్కడికక్కడే వదిలేశాడు. "అంతే సార్ చరిత్ర. కానివ్వండి."

రిబ్బన్ తెగింది. లోపల గడియ తీసిన చప్పుడైంది. పెద్ద తలుపులు రాజసంగా తెరుచుకున్నాయి. ఒకటే చప్పట్లు.

"మీటింగ్ సంగతే మరిచిపోయినానయ్యా! నువ్వు లేకుంటే ఈ వాకిలి ఉత్త రాళ్ళ కుప్ప. నిన్ను పర్మనెంట్ చేయించే పూచీ నాది." భుజం తట్టి లోపలికి నడిచారు జయరామయ్య గారు.

జ్ఞానప్రకాశం గోడకు చేరగిలబడ్డాడు. క్యాథరిన్ వచ్చి అతని చెవిలో గొణిగింది:

"నువ్వు పోగొట్టిన వెనక చిన్న తలుపు తాళంచెవి యాడా దొరకలేదన్నా, ఆ తలుపు బద్దలుకొట్టించి గడియ తీసేదానికి మనిషిని లోపలికి పంపినా."