మిగతా సగం లాటిన్

“ఇంకేమైనా చెప్పేదుందా అటార్నీ? లేదంటే పాక కూల్చెయ్యమని ఆర్డరు వేసేస్తాను,” అంది జడ్జి హెర్మెలిండా.

అవ్వ తరఫు లాయరు ఎలీసియో లేచి చొక్కా సర్దుకున్నాడు. మొగుడు పోయినప్పటినుంచీ పనాయ్ దీవి రేవులో పాక వేసుకుని, చేపల పులుసూ అన్నమూ అమ్ముకుని బతుకుతున్న పసియెన్సియా అవ్వ అతని వెనక బెంచీ మీదే జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. బుల్డోజరు అప్పుడే పాక ముందుకొచ్చి నిలబడింది. నేల ఆ బుల్డోజరు పంపిన కంపెనీది, కాగితాలూ కంపెనీవే. కుర్రలాయరు దగ్గర ఇస్త్రీ చేసిన బరోంగ్ చొక్కా తప్ప ఏమీ లేదు, పాపం.

అయితే ఒకటి. కోర్టులో లాటిన్ ముక్క పడితే తెలీదనే మొనగాడు ఆ దీవిలో ఇంతవరకూ పుట్టలేదు. పరువు పోదూ!

“ఫోకుస్ నోన్ మొవేతుర్, యువరానర్!” అన్నాడు తెగించి. “వెలుగుతున్న పొయ్యిని కదపరాదు. రోమన్ల కాలంనాటి సూత్రం.”

రోమన్లూ లేరు, సూత్రమూ లేదు. అప్పటికప్పుడు అల్లేశాడు.

జడ్జి కళ్లజోడు సవరించుకుంది. “మీరేమంటారు, అటార్నీ ప్రుదెన్సియో?”

కంపెనీ లాయరు ప్రుదెన్సియో తలపండిన ఘటం. తాపీగా లేచాడు.

“ఎవరికి తెలీదు యువరానర్! లా కాలేజీలో మొదటి పాఠమే అది. మా కుర్రాడు సగమే బట్టీపట్టినట్టున్నాడు. మిగతా సగం, ‘నిసి ఇన్ తెర్రా అలియేనా.’ పరాయి నేల మీదైతే తప్ప, అని.”

ఎలీసియోకు ఒళ్లు మండిపోయింది. ఓరి ముసలి నక్కా! లేని సూత్రానికి రెండో సగం ఎక్కణ్ణుంచొచ్చింది? అబద్ధమని అరుద్దామంటే, మొదటి సగం ఎక్కడిదని అడుగుతారు.

“ఏవయింది నాయనా? మన పొయ్యి ఉన్నట్టా, పోయినట్టా?” వెనకనుంచి అవ్వ చొక్కా పట్టుకు లాగింది. అతను తిరిగి చూడలేకపోయాడు.

జడ్జి లాయర్లిద్దరినీ మార్చిమార్చి చూసి, కలం అందుకుంది.

“ఏం చదివారయ్యా మీరిద్దరూ! మూడో ముక్క మరిచిపోయారు,” అంది ఆర్డరు రాస్తూ. “‘నెక్ తుంక్, దుమ్ విదువా కొక్విత్.’ పరాయి నేలైనా సరే, మొగుడు పోయిన ఆడమనిషి వండుకుంటున్నంత కాలం కదపరాదు. అలాంటి సూత్రం లేదనేవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి.”