ఆఖరి సైరన్

“ఇది చూశావా, క్లిఫ్?” అంటూ నోరీన్ డూసెట్ ఫోనును బల్ల మీద అతని వైపు తోసింది.

క్లిఫ్ డోనట్ నములుతూనే కళ్లజోడు సర్దుకున్నాడు. హామిల్టన్ ఐస్ హాకీ జట్టు స్టీల్‌హాక్స్‌కి అభిమానుల పేజీ ఒకటుంది. దాన్ని నడిపేది వీళ్లిద్దరే. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. అతను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. ‘ఆఖరి సైరన్’ అనే దొంగపేరుతో రాసే ఒకడు ఆ పేజీలో పొద్దున్నే ఇలా పెట్టాడు:

“శనివారం ఆట అయ్యాక జల్లెడ ఇక ఉండడు. చూస్తూ ఉండండి.”

జల్లెడ అంటే జట్టుకి గోలు కాసే గోలీ, టారస్ బాబియక్. కిందటి సీజను ఆఖరి ఆటలో, మంచు మైదానం సగంలోంచి ఎవడో ఊరికే కొట్టిన పక్, ఆ రబ్బరు బిళ్ల, అతని కాళ్ల సందులోంచి దూరిపోయింది. దాంతో కప్పూ పోయింది. ఆ వీడియోకి ఎవరో సర్కస్ బాజా తగిలిస్తే దేశమంతా పడీ పడీ నవ్వింది. నోరీన్ కూడా నవ్వింది.

“వేరే జట్టుకి ఇచ్చేస్తారని చెబుతున్నాడు. అంతేగా?” అన్నాడు క్లిఫ్.

“ఇచ్చేస్తే ‘పోతాడు’ అంటారు గానీ ‘ఉండడు’ అంటారా?”

“నీకన్నీ అనుమానాలే! వీడు రాసింది ఎప్పుడైనా తప్పిందా? జల్లెడ తుంటి నొప్పి సంగతి జట్టువాళ్ల కంటే ముందు రాశాడు. లాకర్ గదిలో కోచ్ తిట్టిన తిట్లు మాటకు మాట దింపేశాడు. లోపలి మనిషి, నోరీన్! ఇంతమంది మన పేజీకి వస్తున్నది ఎవడి వల్లనుకున్నావ్?”

“వార్తలు రాసినన్నాళ్లూ బాగానే ఉంది. ఈమధ్య వార్తలేవీ? అన్నీ శాపనార్థాలే. ‘వీడు బతికి ఏం లాభం’ అని రాసేవాణ్ణి లోపలి మనిషంటావా?”

“ఇంటర్నెట్‌లో మొరిగేవాళ్లు బయట పిల్లిని చూసినా జడుసుకుంటారు. కాఫీ తాగు, చల్లారిపోతోంది.”

శుక్రవారం మధ్యాహ్నం బస్సు తీయబోతూ ఆవిడ మరోసారి ఫోను చూసింది.

ఆఖరి సైరన్ ఈసారి ఫోటో పెట్టాడు. వంటింటి బల్ల మీద టారస్ ఆడేటప్పుడు పెట్టుకునే మాస్కు. దాని వెనక కిటికీ. కిటికీలోంచి రోడ్డు అవతల నీలి గుమ్మటం ఉన్న చర్చి. కింద ఒకటే మాట: “రేపే.”

ఆ చర్చి ఆమెకు తెలుసు. రోజూ దాని ముందునుంచే బస్సు పోతుంది. ఎదురింటి ముందు టారస్ మంచు ఎత్తిపోస్తుంటే బస్సులోని పిల్లలు “జల్లెడా! జల్లెడా!” అని అరుస్తారు. అతను పార ఆపి మరీ చెయ్యి ఊపుతాడు.

అంటే వాడు ఇంట్లోకే చొరబడ్డాడు.

జట్టు ఆఫీసుకి ఫోన్ చేస్తే, “ఇలాంటివి రోజూ వస్తుంటాయండీ, పైవాళ్లకి చెబుతాం” అందొక అమ్మాయి. పోలీసులు, “ఫిర్యాదు ఆయనే ఇవ్వాలమ్మా” అన్నారు. నోరీన్ పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపేసి, సొంత కారులో తిన్నగా ఆ చర్చి వీధికి వెళ్లింది.

టారస్ తలుపు తీశాడు. టీవీలో కనిపించేంత పొడుగ్గా లేడు. గడ్డం మాసి ఉంది.

“నేను మీ అభిమానిని. కాదు... పిచ్చిదాన్ననుకోకండి. మీకు ప్రమాదం ఉంది” అంది నోరీన్ ఒక్క ఊపున.

“బస్సు నడిపేది మీరే కదూ? లోపలికి రండి, చలిగా ఉంది.”

వంటింట్లో కూర్చోబెట్టి టీ పెట్టాడు. తనది ఎక్కడో దూరాన ఉన్న సస్కాచవాన్ అనీ, ఇక్కడ ఒంటరిగా ఉంటున్నాననీ చెప్పాడు. ఆవిడ ఫోటో చూపించింది. చూశాడు గానీ ఉలిక్కిపడలేదు.

“ఇది మీ వంటిల్లే కదా బాబూ? తాళాలు ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా?”

“లేవు.”

“మరి భయం వెయ్యడం లేదా?”

“మొదట్లో వేసేది.” అతను ఎదుటి కుర్చీలో కూర్చుని చేతులు బల్ల కిందికి పెట్టుకున్నాడు. “వాడు రాసేది అబద్ధమేం కాదండీ. ఆ గోలు ఆపాల్సింది నేనే కదా.”

“నోర్ముయ్! ఆటలో ఓడితే ప్రాణం తీస్తారా ఎవరైనా? ఈ రాత్రికి మా ఇంటికి వచ్చెయ్. మా ఆయన గురక తప్ప వేరే ఇబ్బందేం ఉండదు.”

టారస్ నవ్వబోయి ఆగిపోయాడు. తల వంచి బల్ల కింద చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

నోరీన్ ఫోను టింగుమంది. పేజీలో కొత్త పోస్టు: ఆఖరి సైరన్.

“ఎవరూ రారనుకున్నాను. బస్సు నడిపే ఆవిడ వచ్చింది. ఇప్పుడు వంటింట్లోనే కూర్చుంది.”

నోరీన్ గభాలున లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పుడే కురిసిన మంచు మీద ఆమె అడుగుల జాడ తప్ప మరోటి లేదు.

“టారస్, వాడు బయట లేడు,” అంది గొంతు తగ్గించి. “ఇంట్లోనే ఎక్కడో ఉండి మనల్ని చూస్తున్నాడు!”

మూలనున్న హాకీ కర్ర అందుకుని, నేలమాళిగ తలుపు లాగింది. చీకటి మెట్లు కనిపించాయి.

“ఎవర్రా అక్కడ? బయటికి రా!”

“వెళ్లకండి. అక్కడెవరూ లేరు,” అన్నాడు వెనకనుంచి టారస్.

“నీకెలా తెలుసు?”

“అవన్నీ రాస్తున్నది నేనే.”