రెండో గింజ

"కోస్తే ఇది ఇక మొలవదమ్మా," అంది విత్తనాలు పరీక్షించే పెద్దావిడ.

"కోసెయ్యండి. బతికుందో లేదో తెలియక ప్రాణం పోతోంది!"

అమ్మ పోయాక ఆ కూతురికి అలమరలో దొరికిన చిక్కుడు గింజలు రెండే.

నానిన గింజను నిలువునా చీల్చి మందునీళ్లలో వేసింది పెద్దావిడ. రంగు తేలడానికి పట్టే మూడు గంటలూ కూతురు వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరిగింది.

"రామ్మా, బతికున్న చోటల్లా ఎర్రబడుతుంది, చూడు."

బద్ద అంచున వేరు మొన, ముడుచుకున్న బుల్లి ఆకులు, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"బతికే ఉందా!" వెలిగిన ఆమె ముఖం అంతలోనే పాలిపోయింది. "కోసేదాకా... బతికే ఉందా?"

"ఆ రెండోదీ ఇటివ్వు, చూసేద్దాం."

ఆమె గుప్పిట బిగించింది. "వద్దండీ. దీన్ని నాటుకుంటాను."

"మొలుస్తుందో లేదో నేను చెప్పలేను మరి!"

"చెప్పొద్దండీ. నేనే కనిపెట్టుకుని ఉంటాను."