బుధవారం కారు

"సెల్ఫ్ తిరుగుతాంది గాని ఇంజన్ అందుకుంటలేదమ్మా. జర చూడు."

దుకాణం ముందు ఆగిన బూడిదరంగు కారులోంచి దిగుతూ అన్నాడు ముసలాయన.

పద్మలత స్టూలు మీంచి లేవలేదు.

"మెకానిక్ లేడు తాతా. మా ఆయన పోయి మూడు నెలలాయె. ముందటికి పోతే గండిమైసమ్మ చౌరస్తా కాడ ఇంకో దుకాణం ఉంది."

"ఆగిన బండి ముందటికెట్ల పోతది బిడ్డా?"



మేడ్చల్ దారిలోని ఆ ఆటో ఎలక్ట్రికల్ దుకాణం ఆమె భర్త రఘునందన్‌ది. ఎనిమిదేళ్లు అతని పక్కన నిలబడి పానాలు, స్క్రూడ్రైవర్లు అందించింది. హారన్లు, లైట్ల వరకు ఆమెకు ధైర్యమే. దొంగలు ఎత్తుకుపోకుండా కార్లకు పెట్టే చిప్పు తాళాల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

అతను పోయాక, వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, ఆడమనిషి కనబడగానే అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె నోరు విప్పే అవసరమే రాదు. ఈ నెలాఖరుకు షట్టర్ దించేసి, తుర్కపల్లి మందుల కంపెనీలో ఊడ్చే పనికి పోదామని నిశ్చయించుకుంది.

అయిష్టంగానే లేచి తాళం తిప్పింది. మీటర్ల మధ్య ఎర్రటి తాళంబొమ్మ టకటకా వెలిగి ఆరుతోంది.

"గా ఎర్రలైటు ఏమంటాంది?" అడిగాడు ముసలాయన.

"తాళంచెవిని బండి గుర్తుపడతలేదంటాంది."

"తప్పు చెవిదా, బండిదా?"

ఆమె చెవిని బయటికి తీసి చూసింది.

"ఇంకో చెవి ఉందా తాతా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. మొదటి చెవి మూత విప్పి చూస్తే, లోపల చిప్పు ఉండాల్సిన చోటు ఖాళీ!

"ఎక్కడనో పడిపోయింది."

"గట్లనా!" అని నవ్వాడు.

మరుసటి బుధవారం మళ్లీ వచ్చాడు.

"ఇక్కడిదాక మంచిగనే వచ్చింది. ఆపినంక మళ్ల మొండికేసింది."

ఈసారి రెండో చెవితో కూడా కదల్లేదు.

"రెండు చెవులూ ఒక్కపారే చెడిపోతయా బిడ్డా?"

అవునుగదా అనుకుంది. స్టీరింగ్ కింది మూత విప్పింది. తాళం చుట్టూ ఉండి చిప్పును చదివే తీగ చుట్టకు కనెక్షన్ ఊడి వేలాడుతోంది.

ఆ పై బుధవారం ఎర్రలైటే వెలగలేదు. వెతగ్గా వెతగ్గా మాడిన ఫ్యూజు దొరికింది. ఆ తర్వాతి వారం ఎర్త్ వైరు బోల్టు వదులైంది. దాన్ని పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన స్టూలు మీద కూర్చుని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. తొందరపెట్టలేదు.

ఆయన చెప్పిన తన ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఇంతదూరం ఎందుకు వస్తాడో ఆమెకు అర్థం కాలేదు. పాపం, పలకరించే దిక్కులేని ముసలోడు, మాటల కోసం వస్తున్నాడు అనుకుంది.

ఆరో బుధవారం పొద్దున ఒక క్యాబ్ డ్రైవర్ దుకాణం ముందు బండి ఆపి, "ఆడామె చేస్తదా?" అని పక్కవాడితో నవ్వి వెళ్లిపోయాడు. ఆమె కళ్లు తుడుచుకునే లోపే బూడిదరంగు కారు వచ్చి ఆగింది.

"మళ్ల స్టార్ట్ అయితలేదు బిడ్డా."

"పొద్దుపోకుంటే ఇంకెక్కడన్న కూసో తాతా! నేనే దొరికిన్నా? గీ డొక్కు కారు అమ్మేయ్. ఇంకోపారి నా కాడికి తేకు!"

ఆయన మొహం చిన్నబోలేదు.

"ఇయ్యాల్టిది చూసిపెట్టు. ఇగ తేను."

ఆ రోజు ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పది నిమిషాల్లో ఆమె లోపం పట్టేసింది. ఆయన ఆమె చేతుల వంక కాసేపు చూసి, కారెక్కి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే తుర్కపల్లి కంపెనీ క్యాబ్ ఒకటి దారిలో ఆగిపోయింది. ఎవరో బ్యాటరీ మార్చారట, లాభం లేదట. డ్రైవర్ పరేషాన్‌గా పరుగెత్తుకొచ్చాడు. పద్మలత వెళ్లి చూసింది. ఒకే గుత్తిలో రెండు కార్ల చిప్పు చెవులు ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటున్నాయి. విడదీసి తిప్పింది. బండి అందుకుంది.

ఆ డ్రైవర్ నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ వచ్చారు. షట్టర్ దించే మాట ఆమె మరిచిపోయింది.

కానీ బుధవారం వస్తే మాత్రం కళ్లు రోడ్డు మీదికే పోయేవి. ఈ సంగతి చెప్పుకోవాలనిపించిన మనిషి ఒక్కడే. ఆయన పేరైనా ఆమె అడగలేదు.

ఆయన రాక ఆగిన ఐదో వారం స్కూటీ తీసుకుని లాల్‌గడి మలక్‌పేట్ వెళ్లింది. కారు రంగు చెప్పి, అడుగుతూ అడుగుతూ ఒక ఇల్లు చేరింది. కారు వాకిట్లోనే ఉంది. గడపలో ఆయన భార్య వజ్రమ్మ కూర్చుని ఉంది.

"తాత ఉన్నడా అవ్వా?"

"మొన్ననే పదకొండో దినం చేసినం. యాడాది సంది పానం బాగలేకుండె."

పద్మలత గడప పక్కన కూర్చుంది.

"గీ కారు సతాయించిందని ఆయన్ని తిట్టిన అవ్వా."

వజ్రమ్మ ఆమెను తేరిపార చూసింది. లేచి, లోపల్నుంచి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

"తిప్పు."

తిప్పీ తిప్పకముందే ఇంజన్ అందుకుంది.

"పదేండ్ల సంది ఏనాడూ యాడా ఆగలే గీ బండి."

"మరి నా దుకాణం ముందట..."

"నేర్పుతనంటే పాపమని వచ్చిండనుకుంటది ఆ పిల్ల, బండి బాగుచేయించుకునే గిరాకి లెక్క పోత అన్నడు."

"ఆయనెవరవ్వా?"

"పెండ్లి గాకముందు మీ రఘునందన్‌కు మా మెకానిక్ షెడ్ల పని నేర్పిన ఉస్తాద్ బిడ్డా, శిష్యుడు పోయినంక బుధారం బుధారం నీ దుకాణం ముందట బండి ఆపి, తన చేతులతోని తనే చెడగొట్టుకుంటుండె."