బంద్ రోజు సర్వర్

ఈ ఉదయం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే చోట ఒక కుక్క హాయిగా నిద్రపోతోంది. బంద్. ఆఫీసుకు నడిచే వచ్చాను.

తెలంగాణ ఇక రాదని ప్రాణం తీసుకోవాలనుకునే విద్యార్థులతో మాట్లాడటానికి ఆఫీసులో నా పక్క సీటు స్వామి, నేను ఒక వెబ్‌సైటు నడుపుతున్నాం. వచ్చే జనం ఎక్కువయ్యారని, సైటును తన కంప్యూటర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీ రాత్రి దాన్ని ఆపేసింది. అప్పుడు వరంగల్ కుర్రాడొకడు “ఇగ నాతోని కాదక్కా” అని రాస్తున్నాడు. అతని నంబరు మా దగ్గర లేదు.

ఇక మాకంటూ విడిగా ఒక వర్చువల్ సర్వర్, అంటే పెద్ద కంప్యూటర్లో అద్దెకిచ్చే ఒక వాటా, కావాలి. అన్నిటికన్నా చవకైన అమెరికా కంపెనీని ఎంచుకున్నాను.

“జర ఆగు! చవక ఒక్కటే చూస్తవేంది? వాళ్లు కార్డు చెక్ చేసి ఇచ్చేసరికి రేపైతది. పిల్లగాడు ఆగుతడా?” అన్నాడు స్వామి.

మాదాపూర్‌లోని ఒక కంపెనీ గంటలో ఇస్తానంది. ధర రెట్టింపు.

“అక్కడ కరెంటు పోతే?” అన్నాను.

“పోయినప్పుడు ఏడుద్దాం. ఇప్పుడైతే ఉన్నది గదా!”

తీసుకున్నాం. సైటు లేచింది. ఇద్దరం ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నాం. భోజనానికి కూడా లేవలేదు.

చివరికి ఒక వాక్యం వచ్చింది. “అక్కా, ఉన్నవా?”

“ఉన్న తమ్మీ, చెప్పు” అని రాశాను.

మాది భీమవరం. స్వామికి కూడా తెలియదు.