పసుపు దారం ముడి

అలివేలమ్మ కట్టుకున్న కొత్త చీర చెంగు చూసి బాలసుబ్రహ్మణ్యం శెట్టికి నోట్లో ముద్ద దిగలేదు.

చెంగు మూలన పసుపు దారంతో వేసిన చిన్న ముడి ఉంది. అది ఆయన అంగడి గుర్తు. వచ్చిన ప్రతి చీరకూ తనే కూర్చుని ఆ ముడి వేస్తాడు.

"ఈ చీర యాడిదే?"

"మన బజారులోనే, ఆ మహానంది అంగట్లో కొన్నా. మన అంగట్లో కంటే శానా అగ్గువ," అంది భార్య, మజ్జిగ పోస్తూ. "నీ పెండ్లామైన పాపానికి నేను ఎక్కువ పెట్టి కొనాల్నా?"

ధర విని శెట్టి ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. తను ఆ చీర కొన్న ధర కంటే అది తక్కువ! అంటే తన అంగట్లో దొంగలు పడుతున్నారు. ఆ సరుకు మహానంది అమ్ముకుంటున్నాడు.

శెట్టికి ఒళ్లు మండింది. చెయ్యి కడుక్కునేలోపే ఆ మంట చల్లారి, మొహం మీదికి నవ్వొచ్చింది.

నవ్వుకు కారణం ఉంది. కర్నూలు రాజధాని అయ్యాక, ఊరి నడుమ వ్యాపారం పెరగాలని మునిసిపాలిటీ కొత్త బజారు కట్టించింది. బస్సులు దాని ముందే ఆగేట్టు చేసింది. జట్కాల అడ్డాను అక్కడికి మార్చి, వరసగా కరెంటు దీపాలు పెట్టించింది. ఉగాది దాకా అంగళ్లకు బాడుగ లేదంది. షరతు ఒక్కటే. ఉగాదినాటికి బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న అంగడిని ఖాళీ చేయించి, అందరికంటే బాగా నడిపినవాడికి దాన్ని కూడా ఇచ్చేస్తారు. ఒక్క అంగడి వెలవెలబోయినా బజారంతా కళ తప్పుతుందట.

రేపే ఉగాది. ఖాళీ చేయాల్సింది శెట్టి. ఆ అంగడి దక్కబోయేది మహానందికి. ఆలూరు నుంచి వచ్చిన ఈ మహానంది చీరలు, బిందెలు, లాంతర్లు, ఏదైనా సరే అందరికంటే అగ్గువకు అమ్ముతాడు. అతను దొంగ అని తేలితే అతని అంగడే రద్దవుతుంది. శెట్టి అంగడి నిలుస్తుంది.

శెట్టి గిరాకీకే తప్ప బోణీకి ఎన్నడూ మొహం వాచలేదు. రోజూ తలుపు తీసే వేళకు రాజ్యలక్ష్మమ్మ జట్కా దిగేది. రూపాయంత బొట్టు, గలగలలాడే ఎర్ర గాజులు. గుడారాల్లో నడిచే ఆఫీసుల వైపు నుంచి వస్తుంది కాబట్టి ఎవరో పెద్ద ఉద్యోగి భార్య అని బజారంతా అనుకుంది. ఆమె మొదటిసారి బోణీ చేసిన రోజే ఎర్ర తలపాగా చుట్టిన ఒకాయన పెళ్లివారిని వెంటబెట్టుకొచ్చి చీరల మూటలు కట్టించుకుపోయాడు. అంత బేరం మళ్లీ రాలేదు కానీ, అది ఆమె చేతి చలవేనన్న నమ్మకం పోలేదు. ఆమె ముందు తమ మెట్టే ఎక్కాలని అంగళ్లవాళ్లు పోటీపడేవారు.

శెట్టి భార్య చేత చీర మార్పించి, దాన్ని చంకన పెట్టుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కు నడిచాడు.

హెడ్ కానిస్టేబుల్ ఏసేపు చీర అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ధరకు నువ్వే ఎవరికన్నా ఇచ్చినావేమో, బాగా గుర్తు చేసుకో శెట్టీ."

"నాకేమన్నా పిచ్చా హెడ్డుగారూ? కొన్న ధర కంటే తక్కువకు ఏ బేరగాడైనా అమ్ముతాడా? కావాలంటే దేవుని మీద ఒట్టు!"

ఇద్దరూ బజారులోకి వచ్చేసరికి సంగతి వాళ్ల కంటే ముందే చేరింది. అంగళ్లవాళ్లంతా వెంటపడ్డారు. మహానంది అంగట్లో అడుగుపెట్టగానే ఇత్తడి సామాన్ల తిమ్మన్న గొంతు చించుకున్నాడు.

"అయ్యో! ఈ బిందె నాదే! దీని అడుగున నొక్కు కూడా నాదే!"

"ఆ లాంతర్లు నావి!" అన్నాడు ఇంకొకడు.

శెట్టి ఛాతీ విరుచుకున్నాడు. చీరల అర వైపు వేలు చూపించాడు. ఏ చెంగు చూసినా పసుపు ముడే. "చూడు హెడ్డుగారూ. బజారు బజారంతా దోచుకోని ఈడ పెట్టుకున్నాడు. ఏమప్పా మహానందీ, ఇప్పుడేమంటావు?"

మహానంది గల్లాపెట్టె దగ్గర నుంచి లేవనైనా లేవలేదు.

"ఏమనేదుండాది? ఇదంతా మీరు మనసారా ఇచ్చిన సరుకే గదప్పా. కండ్లకద్దుకోని, రెండు చేతుల్తో ఇస్తిరి. దొంగతనమంటే ఎట్ల?"

"మేమా? నీకా?" శెట్టి గొంతు కీచుమంది.

"నాకు గాదు."

"మరి ఎవరికి?" ఏసేపు లాఠీ గల్లాపెట్టె మీద పెట్టాడు. "ఆ మనిషిని పిలిపించు. లేకుంటే నడువు స్టేషన్‌కు."

"యాడికో పోయి పిలిపించేదేముంది, లోపలే ఉండాది," అని మహానంది వెనక్కి తిరిగాడు. "బామ్మర్దీ! మీ అక్కను ఒకసారి రమ్మను."

మూలన బిందెలు తోముతున్న మనిషి లేచాడు. అతని తలపాగా ఎర్రగా ఉంది.

శెట్టి అతని మొహంలోకి తేరిపార చూశాడు. ఆ పెళ్లిపెద్ద ఇక్కడ బిందెలు తోమడమేమిటి?

లోపలి తెర వెనక గాజులు గలగలలాడాయి. రూపాయంత బొట్టుతో, చల్లగా నవ్వుతూ రాజ్యలక్ష్మమ్మ బయటికొచ్చింది.

"బోణీ అని ఎంతకడిగితే అంతకిచ్చేస్తివి గదప్పా శెట్టీ, ఆ రుణం ఉంచుకోకూడదు. రేపు నీ అంగట్లో మేం దీపం పెడతాండాం, పొద్దున్నే వచ్చి బోణీ నువ్వే చెయ్యాల!"