మనవాళ్ళ గొంతు

“ఇంకోసారి పెట్టమ్మా,” అన్నాడు నాన్న, హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ.

ఓట్లడిగే ఉపన్యాసం అది. నా పరిశోధన కోసం ఆ ఒక్కదాన్నే సగంమందికి మనవాళ్ళ నాయకుడిదని, మిగతావాళ్ళకి అవతలివాళ్ళదని చెప్పి వినిపిస్తున్నాను. నాన్నకి మనవాళ్ళదనే చెప్పాను.

రెండోసారి విన్నాక ఆయన కళ్ళు చెమర్చాయి.

“మనవాడు కాబట్టే మన కడుపులో ఉన్నది చెప్పగలిగాడు. అవతలివాళ్ళకి ఈ నిదానం ఎక్కడేడ్చింది?”

“గొంతెలా ఉంది నాన్నా?”

“తేనె పోసినట్టుంది. అది పుట్టుకతో రావాలమ్మా, నేర్చుకుంటే వచ్చేది కాదు.”

“అది మీ అల్లుడి గొంతు. రాసింది నేను, చదివింది ఆయన.”

మా ఆయన అవతలివాళ్ళ అబ్బాయి. పెళ్ళయినప్పటి నుంచి నాన్న ఆయన్ని గడప తొక్కనివ్వలేదు, ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఇక గొంతెలా గుర్తుపడతాడు?

నాన్న వెంటనే హెడ్‌ఫోన్స్ తీసెయ్యలేదు. ఆశకి సిగ్గుండదు కదా, నాకు పుట్టింది.

“అదీ సంగతి,” అన్నాడు. “మొదట్నుంచీ ఎక్కడో తేడా కొడుతూనే ఉంది.”

హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టి, తువ్వాలు కొసతో రెండు చెవులూ తుడుచుకున్నాడు.